తెక్లా జల్లెడ

తెక్లా ఇంటి కోడిగుడ్డు కొడితే సొన పసుపుపచ్చగా ఉండేది కాదు. ఎండుటాకులు నానిన నీళ్ళలో కాస్త మట్టి కలిస్తే వచ్చే రంగు. తింటే నాలిక చివర చిరుచేదు. నది ఒడ్డున సొరోకా అనే చిన్న ఊళ్ళో ఆమె పక్కింట్లో నేను దిగిన మొదటి వారమే కంచె మీదుగా అరడజను గుడ్లు నా చేతుల్లో పెట్టింది.

"రంగు చూసి భయపడకు అన్నయ్యా. కోళ్ళు శుభ్రంగానే ఉన్నాయి."

ఆమె వెనక, ద్రాక్షపందిరి కింద స్టూలు మీద కూర్చున్న మొగుడు ప్రోఫిర్ అందుకున్నాడు. ముప్పై ఏళ్ళు ట్రాక్టరు తోలి, నడుం పోయాక నోటితో బతుకుతున్న మనిషి.

"భయపడమనే చెప్పవే. బావగారూ, అవి గుడ్లు కావు, మందుబిళ్ళలు. మా ఆవిడ కోళ్ళకి డాక్టర్ల తిండి పెడుతుంది. రేపో మాపో అవి కూయడం మానేసి ఉపన్యాసాలిస్తాయి చూడండి."

"నోరు తప్ప నీకింకో పని లేదు. ఆ దొడ్డి తలుపు గడియ ఊడి వారమైంది. లేచి బిగించు."

"గడియ బిగిస్తే నీ పండిత కోళ్ళు అవమానంగా అనుకోవూ?"

చాలా ఊళ్ళలో చాలా రకాల గుడ్లు తిన్నాను. ఒక ఓడరేవులో చేపల వాసన వేసే గుడ్లు కూడా తిన్నాను. అక్కడి కోళ్ళు వలల కింద బతికేవి. అందుకని రంగు గురించి అంతగా పట్టించుకోలేదు. ఆ రంగు ఎక్కడిదో తెలిసేసరికి రెండేళ్ళు దాటింది. తెలిశాక చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

తెక్లాకి అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. ఊరి పైన కొండ మీద, నీస్త్రు నది వైపు తిరిగి ఉన్న పరిశోధనాలయంలో జంతువుల గదులు చూసే పని. చేరినప్పుడు కుందేళ్ళు, తర్వాత ఎలుకలు, ఆ తర్వాత చిట్టెలుకలు. ఇరవై రెండేళ్ళలో ఆమె పైన ఐదుగురు డైరెక్టర్లు మారారు. అందరికీ ఆమె తెక్లా పిన్నే.

చావును వాయిదా వేయించుకోవడానికి మనిషి పడ్డ పాట్ల గురించి ఒకప్పుడు సరదాగా పుస్తకాలు పోగేసి చదివేవాణ్ణి. పాదరసం మింగిన చక్రవర్తులున్నారు. కోతి గ్రంథులు కుట్టించుకున్న ధనవంతులున్నారు. ఉదయాన్నే పాము కొవ్వు రాసుకుని మధ్యాహ్నానికల్లా జబ్బుపడ్డ ఒక మఠాధిపతి గురించి చదివి, రైల్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మందు నూరినవాడి పేరు ఆ పుస్తకాల్లో ఉంటుంది, మింగినవాడి పేరూ ఉంటుంది. ముందుగా ఆ మందు తిన్న జంతువు బోను ఎవరు ఊడ్చారో ఎక్కడా ఉండదు.

కొండ మీద ఆ మందు నూరేది డాక్టర్ లివియా. నలభై ఒక్క ఏళ్ళ మనిషి, సన్నగా, ఎప్పుడూ పెన్ను చెవి మీద పెట్టుకుని ఉండేది. పదకొండేళ్ళుగా ఒకటే పట్టు: అక్రోటు కాయ మీది పచ్చి తొక్క. జూన్ నెలలో ఇక్కడి ఆడవాళ్ళు లేత అక్రోటు కాయలతో మురబ్బా చేస్తారు. తొక్క తీసిన చేతులు నెలరోజులు నల్లగానే ఉంటాయి, పెళ్ళికి వెళ్ళినా గ్లవుజులు వేసుకోవాల్సిందే. ఆ తొక్కలో ముసలితనాన్ని నెమ్మది చేసేదేదో ఉందని లివియా నమ్మకం. దాన్ని పొడి చేసి తిండిలో కలిపి తినిపిస్తే ఆయుష్షు పెరుగుతుందా లేదా అన్నది ఆమె తేల్చాల్సిన మాట.

పరీక్ష చెప్పడానికి తేలిక. ఒకే వయసు చిట్టెలుకలు రెండు వందల నలభై. బోనుకి ఐదు. సగం బోనులకి తెల్ల చీటీ, వాటికి మామూలు తిండి. సగం బోనులకి పచ్చ చీటీ, వాటికి తొక్కపొడి కలిపిన తిండి. ఆ తర్వాత వాటంతట అవి చచ్చిపోయేదాకా కాచుకు కూర్చోవాలి. ఏది ఏ రోజు పోయిందో రాయాలి. మూడేళ్ళ పని.

తిండి బయట కొనేవారు కాదు. పాత క్యాంటీన్ వంటగదిలో తెక్లాయే చేసేది. గోధుమపిండి, సోయా, పాలపొడి, నూనె, ఉప్పు వేసి కలిపి, మరలో ఒత్తి, ముక్కలు కోసి, పొయ్యిలో ఎండబెట్టేది. లివియా వాటిని తిండిబిళ్ళలు అనేది. తెక్లా మాత్రం రొట్టె అనే అనేది. "పిండి, ఉప్పు, నిప్పు. రొట్టె కాకపోతే మరేమిటమ్మా?"

బోను పైమూతలో తీగలతో అల్లిన తట్ట ఉంటుంది. బిళ్ళలు అందులో పోస్తే ఎలుకలు కిందనుంచి కొరుక్కుంటాయి. సోమవారం పోసింది తూచి రాయాలి. మళ్ళీ సోమవారం తట్టలో మిగిలింది తూచి రాయాలి. తేడా అంతా తిన్నట్టు లెక్క. రెండున్నరేళ్ళలో తెక్లా ఒక్క సోమవారం కూడా తప్పలేదు. ప్రోఫిర్‌కి నడుం ఆపరేషన్ జరిగిన సోమవారం కూడా పొద్దున్నే కొండెక్కి, కాటా ముందు నిలబడి రాసి, తర్వాతే ఆసుపత్రికి వెళ్ళింది.

పచ్చ చీటీ ఎలుకలు మొదటి వారం నుంచే ఒక అలవాటు చేసుకున్నాయి. బిళ్ళ లాక్కుని, రెండు చేతుల్లో పట్టుకుని, కొంత కొరికి, మిగతాది పొడిపొడిగా కింద రాల్చేవి. మన పిల్లలు కూరలో కరివేపాకు ఏరి పక్కన పెట్టినట్టు. రాలిన పొడి బోను మూల రంపపు పొట్టులో పోగుపడేది. తెక్లాకి అది వింతగా తోచలేదు. చేదు రొట్టె ఎవరు మాత్రం మొత్తం తింటారు? డాక్టరమ్మకి చెప్పాలని కూడా అనిపించలేదు. అంత చదువుకున్నావిడకి తెలియకుండా ఉంటుందా అనుకుంది.

బోనులో పడిందంతా పసుపు సంచిలో వేసి పొయ్యిలో కాల్చాలని నియమం. పొట్టు కాల్చేది తెక్లా. రొట్టెని మాత్రం మంటల్లో వెయ్యలేకపోయింది. రోజూ పొద్దున పచ్చ చీటీ బోనుల మూలల్లోంచి చెంచాతో ఆ పొడి తీసేది. వాళ్ళమ్మ జల్లెడలో జల్లించేది. పొట్టు పసుపు సంచికి, రొట్టె పొడి ఒక డబ్బాకి. రోజుకి దోసెడు. సాయంత్రం ఆ దోసెడు కోళ్ళకి.

ఆ జల్లెడ సంగతి చెప్పాలి. చెక్క చట్రానికి గుర్రపు వెంట్రుకలతో అల్లింది. నేను చూసేనాటికి రెండు చోట్ల దారంతో అతుకు వేసి ఉంది. పందొమ్మిది వందల నలభై ఏడు కరువులో తెక్లా వాళ్ళమ్మ అనీసియాకి తొమ్మిదేళ్ళు. సర్కారు వాళ్ళు గింజలన్నీ బళ్ళకెత్తుకు పోయాక ఖాళీ గాదె నేల ఊడ్చి, ఆ దుమ్ముని ఆ జల్లెడలోనే జల్లించేవారట. దోసెడు దుమ్ముకి నాలుగు గింజలు, ఒక్కోసారి ఐదు. అనీసియా తోబుట్టువులు ఐదుగురు. వసంతానికి ఆమె ఒక్కతే మిగిలింది. ఎనభై ఏళ్ళ దాకా బతికింది. బతికినన్నాళ్ళూ రొట్టె ముక్క కింద పడితే ఎత్తి, ముద్దుపెట్టుకుని, తినేది. తెక్లాకి అదే అలవాటు. నా చిన్నతనంలో మా ఇంట్లో మెతుకు జారితే కళ్ళకద్దుకునేవాళ్ళు. అందుకే మొదటిసారి ఆమె అలా చేస్తే చూసి, నాకు ఏమీ అడగాలనిపించలేదు.

ఎలుకలు ముసలివవుతూ వచ్చాయి. తెల్ల చీటీ వాళ్ళు బలిసి, బొచ్చు ఊడి, మూలకి చేరి కూర్చునేవాళ్ళు. పచ్చ చీటీ వాళ్ళు సన్నగా, నున్నగా, బోనులోని చక్రమెక్కి పరిగెత్తేవాళ్ళు. ముప్పయ్యో నెల వచ్చేసరికి తెల్ల చీటీలో ఇరవై ఒకటి మిగిలాయి, పచ్చ చీటీలో నలభై ఏడు. అక్టోబరు పద్నాలుగున రాజధాని కిషినావులో, పరిశోధనలకి డబ్బిచ్చే పెద్దల ముందు లివియా ఈ సంగతి చెప్పాలి. ఆమె ఉద్యోగం డిసెంబరు దాకానే. పొడిగిస్తారా లేదా అన్నది ఆ రోజు మీదే ఆధారపడి ఉంది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం తెక్లా జున్ను పెట్టి కాల్చే ప్లచింతా రొట్టెలు చేసుకుని కొండెక్కింది. లివియా కంప్యూటరు తెర ముందు కూర్చుని పిలిచిందట.

"పిన్నీ, ఇలా రా. ఇది చూడు. ఇదంతా నీ చేతిరాతే."

"నా చేతిరాత ఇంత తిన్నగా ఎప్పుడుందమ్మా? ఇవి గీతలు కదా."

"నువ్వు రాసినవే గీతలయ్యాయి. ఇది తెల్ల చీటీ వాళ్ళ తిండి, రోజుకి తలా నాలుగు గ్రాములు. ఇది పచ్చ చీటీ వాళ్ళది, అదీ నాలుగే. ఒకదాని మీద ఒకటి ఎలా పడుకున్నాయో చూడు."

"సమానంగా తిన్నారన్నమాట."

"మొత్తం అక్కడే ఉంది పిన్నీ! కిషినావులో మొట్టమొదట ఏం అడుగుతారో తెలుసా? 'మీ ఎలుకలు తక్కువ తిన్నాయేమో' అంటారు. కడుపు మాడితే ఎలుక ఎక్కువ కాలం బతుకుతుందని ఎనభై ఏళ్ళుగా అందరికీ తెలుసు. తొక్క చేదు, తినలేదు, అందుకే బతికాయి అంటే ఇంక అక్రోటు గొప్పేముంది? ఆకలి గొప్ప అది. కానీ సమానంగా తిన్నాయి, అయినా సన్నగా ఉన్నాయి, అయినా ఎక్కువ బతికాయి. నీ పుస్తకం పైకెత్తి చూపిస్తా. నోళ్ళు మూతపడతాయి."

తెక్లా పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఇంటి దగ్గర పొయ్యి మీద ఏదో మరిచిపోయి వచ్చానని చెప్పి బయటపడింది. బస్సెక్కకుండా కొండ దిగి నడిచే వచ్చింది. ఇంట్లోకి పోకుండా కంచె దగ్గర ఆగి నన్ను పిలిచింది.

"అన్నయ్యా, నువ్వు చాలా పుస్తకాలు చదివావు కదా. ఆకలితో ఉంటే ఆయుష్షు పెరుగుతుందా?"

"ఎలుకలకి పెరుగుతుందని రాశారు."

"మా అమ్మ వాళ్ళన్నయ్యకి పదకొండేళ్ళు. చెల్లికి నాలుగు. వాళ్ళూ ఆకలితోనే ఉన్నారు."

"అది వేరే ఆకలి తెక్లా."

ఎలా వేరో అడిగి ఉంటే నేను చెప్పలేకపోయేవాణ్ణి. చంపేంత ఆకలి ఒకటి, బతికించేంత ఆకలి ఇంకొకటి, మధ్యలో గీత ఎక్కడుందో ఎవరు కొలిచారు? ఆమె అడగలేదు. దొడ్లో నాలుగు కోళ్ళూ ఆమె సంచి వైపు మెడలు చాచి నిలబడి ఉన్నాయి. వాటికేసి చూస్తూ అంతా చెప్పింది. చెంచా, జల్లెడ, డబ్బా, రోజుకో దోసెడు. అప్పుడు తెలిసింది నాకు గుడ్ల రంగు.

పందిరి కిందనుంచి ప్రోఫిర్ వింటూనే ఉన్నాడు.

"చెప్పకు. ఎవరడిగారు నిన్ను? కోళ్ళు వెళ్ళి సాక్ష్యం చెప్తాయా?"

"ఆ పిల్ల లేచి నిలబడి నా పుస్తకం చూపిస్తుందయ్యా. నా పుస్తకం."

"చూపించనీ. నీ పుస్తకంలో అబద్ధం ఏం రాశావు? తట్టలో మిగిలింది తూచమన్నారు, తూచావు. కింద పడింది తూచమన్నారా?"

"అనలేదు."

"మరింకేం!"

"మరింకేం అంటే చాలదు. ఊరుకో."

ప్రోఫిర్ స్టూలు మీంచి లేచాడు. రెండేళ్ళుగా ఊడి ఉన్న దొడ్డి గడియ ఆ రోజే బిగించాడు, ఎవరూ చెప్పకుండా.

మర్నాడు పొద్దున్నే తెక్లా చెప్పేసింది. లివియా మొదట నవ్విందట. కోళ్ళా, అని. తర్వాత చెవి మీది పెన్ను తీసి బల్ల మీద పెట్టి, "రోజుకి ఎంత?" అంది.

"దోసెడు. మొదట్లో ఇంకా ఎక్కువే. ఎలుకలు తగ్గాక తగ్గింది."

"ఈ వారం చెంచా ముట్టుకోకు. ఒక్క మూల కూడా ముట్టుకోకు. సోమవారం తూద్దాం."

ఆ వారం రోజులూ తెక్లా ఏం తిన్నదో నాకు తెలియదు. ఉప్పు చేప కోయడానికి కూర్చుని అలాగే కత్తి పట్టుకుని ఉండిపోయేది. ప్రోఫిర్ ఒక్క హాస్యం కూడా ఆడలేదు. ఒక రోజు మాత్రం, "ఎవరికి తెలుసు, కొంచెమే ఉందేమో" అన్నాడు. ఆమెకీ ఆ ఆశ ఉందని నాకనిపించింది, ఎందుకంటే ఆదివారం చర్చి నుంచి వస్తూ, "చెంచాతో తీస్తే ఎక్కువ కనిపిస్తుంది అన్నయ్యా, తూస్తే అంత ఉండకపోవచ్చు" అంది.

సోమవారం ఇద్దరూ కలిసి జల్లించారు. తెల్ల చీటీ బోనులన్నిటి నుంచీ ఎనిమిది గ్రాములు. పచ్చ చీటీ బోనుల నుంచి రెండు వందల డెబ్భై. లివియా కాగితం మీద భాగించింది. పచ్చ చీటీ ఎలుకలు తిన్నాయని రాసిన తిండిలో ఐదో వంతు వాటి నోట్లోకి వెళ్ళనే లేదు.

"ఇది ఈ వారానిది," అంది లివియా. "పోయిన వారం ఎంత? మొదటి ఏడాది ఎంత?"

"కోళ్ళు తినేశాయి తల్లీ."

అప్పుడు గదిలో చక్రాలు తిరుగుతున్న చప్పుడు వచ్చిందని తెక్లా చెప్పింది. పచ్చ చీటీ ముసలివాళ్ళు పరిగెడుతూనే ఉన్నారట. సత్తువ ఎక్కువై తిరుగుతున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాం అన్నయ్యా, తిండి వెతుక్కుంటున్నారేమో, అంది నాతో.

"ఒక్క మాట తిట్టు తల్లీ," అని అడిగిందట చివరికి.

"నిన్నేమని తిట్టను పిన్నీ? ప్రతి శుక్రవారం నేను ఆ గదికి వచ్చేదాన్ని. బోనులు అద్దంలా ఉండేవి. ఎంత బాగా చూస్తున్నావో అనుకుని వెళ్ళిపోయేదాన్ని. ఒక్కసారి పొట్టులో వేలు పెట్టి చూసి ఉంటే పోయేది."

"ఇప్పుడేం చేద్దాం?"

"మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి. కొత్త ఎలుకలు, మూడేళ్ళు. నాకు మూడు నెలలున్నాయి."

అక్రోటు తొక్క పనిచేసి ఉండొచ్చు కూడా. అందులో ఆకలి వాటా ఎంత, తొక్క వాటా ఎంత అన్నది తేల్చేది ఆ రాలిన పొడి లెక్కే. అది గుడ్లయిపోయింది. వాటిలో కొన్ని నేనూ తిన్నాను.

అక్టోబరు పద్నాలుగున లివియా కిషినావు వెళ్ళింది. ఎవరూ అడగకముందే తనే చెప్పింది: తిండి లెక్క తప్పు, రాలిన పొడి తూచలేదు, కాబట్టి నేను ఏదీ తేల్చి చెప్పలేను. తెక్లా పేరు ఎత్తలేదు. 'మేము తూచలేదు' అంది.

మర్నాడు తెక్లా గుమ్మంలోనే అడిగింది. "ఏమన్నారమ్మా?"

"ఏమీ అనలేదు పిన్నీ. మర్యాదగా చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ టీకి వెళ్ళారు."

అప్పటికి పచ్చ చీటీలో పంతొమ్మిది మిగిలాయి. తెక్లా వారం నుంచి మనసులో పెట్టుకున్న మాట బయటపెట్టింది.

"ఇంక వీళ్ళకి తెల్ల రొట్టె పెట్టనా? చేదు లేనిది. ఇప్పుడింక ఎవరికి కావాలి ఈ చేదు?"

"వద్దు."

"ముసలాళ్ళు తల్లీ. పళ్ళు కూడా సరిగా లేవు. ఆకలితో ఉన్నారు, మనకి తెలుసు కదా ఇప్పుడు."

"తెలుసు. అయినా వద్దు. మొదలుపెట్టినదాన్ని చివరి ఎలుక దాకా రాయాలి. ఇప్పటినుంచైనా సరిగ్గా రాయాలి. రేపు నాలాంటిది ఇంకెవరైనా చేస్తే ఈ కొన్ని వారాల లెక్కైనా పనికొస్తుంది."

"మరి రాలిన పొడి?"

"తూచి, రాసి, సంచిలో వెయ్యి."

"కోళ్ళకి..."

"వద్దు పిన్నీ. ఇక్కడిది బయటికి పోకూడదు. మొదట్నించీ పోకూడదు."

తెక్లా తనకి ఎదురు చెప్పే హక్కు పోయిందనుకుంది.

నవంబరులో ఒక సోమవారం మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని సంచులు మోయడానికి నన్ను సాయం రమ్మంది. గది బయటే నిలబడి అద్దంలోంచి చూశాను. పచ్చ చీటీ బోనులు రెండే ఉన్నాయి. ఆమె చెంచాతో మూలలు తీసి, అమ్మ జల్లెడలో జల్లించి, గిన్నెలో పోసి కాటా మీద పెట్టింది. కళ్ళజోడు సర్దుకుని అంకె రెండుసార్లు చూసింది. పుస్తకంలో కొత్తగా గీసిన గడిలో ఇరవై ఆరు గ్రాములు అని రాసింది. ఆ పొడి అరచేతిలోకి ఒంపుకుని పెదవులకి ఆనించుకుంది. తర్వాత పసుపు సంచిలో వేసి మూతి కట్టింది.

పొయ్యి వెనక పెరట్లో ఉంది. సంచి నేను వేస్తానన్నాను. "నేనే వెయ్యాలి," అంది. తలుపు తీసి లోపలికి నెట్టి, వెంటనే వెళ్ళిపోకుండా నిలబడింది. కాసేపు పొట్టు మండే వాసన వచ్చింది. ఆ వెనకే పొద్దున్నే రొట్టెల బట్టీ ముందు నుంచి నడిచి వెళితే వచ్చే కమ్మని వాసన వచ్చింది. ఆమె అప్పుడు ముఖం పక్కకి తిప్పుకుంది.

డిసెంబరులో లివియా తన గది ఖాళీ చేసి వెళ్ళింది. చివరి రెండు ఎలుకల సంగతి కాగితం మీద రాసి పంపమని తెక్లాకి చిరునామా ఇచ్చింది.

గుడ్లు ఇప్పుడు పసుపుపచ్చగా ఉంటున్నాయి. చేదు లేదు. మొన్న కంచె మీదుగా నాలుగు ఇస్తూ, "రంగు బాగుంది కదా అన్నయ్యా," అంది తెక్లా. బాగుందన్నాను. వెనక కోళ్ళు ఇంకా ఆమె సంచి వైపే మెడలు చాచి నిలబడి ఉన్నాయి. సంచిలో ఏమీ లేదని వాటికి చూపించడానికి దాన్ని తిరగేసి దులిపింది. అవి కదల్లేదు.

"నిన్న పొడి తూస్తే ఎంత వచ్చింది?" అని అడిగాను.

"మూడు గ్రాములు," అంది. "ఎలుక ఒక్కటే మిగిలింది."